పసికామెర్ల కేసులో అమ్మమ్మ సాక్ష్యం

కోర్టు కోటు గోడకు తగిలించేశాక కూడా కుర్ర లాయర్లు మా ఇంటికి వస్తూనే ఉంటారు. సెక్షన్ల కోసం కాదు, అవి వాళ్ళ ఫోన్లలోనే దొరుకుతాయి. "మేడమ్, హాస్పిటల్ మీద కేసు వేయమని ఒకాయన వచ్చాడు. తీసుకోమంటారా?" అని అడుగుతారు. తీసుకోమనీ అనను, వద్దనీ అనను. కాఫీ ఇచ్చి ఈ కేసు సంగతి చెబుతాను. విన్నాక కొందరు తీసుకున్నారు, కొందరు మానుకున్నారు. ఒకమ్మాయి మాత్రం అంతా విని, కాఫీ బాగుందని చెప్పి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు హాస్పిటళ్ళ తరఫున వాదిస్తోంది.

నేను విజయనగరంలో ప్రాక్టీసు చేశాను. వినియోగదారుల కమిషన్‌లోనే ఎక్కువగా కనిపించేదాన్ని. చల్లబడని ఫ్రిజ్జులు, చెల్లించని పంట బీమాలు, మొలకెత్తని విత్తనాలు, ఇవే నా తిండి. వైద్యం కేసులు అప్పుడప్పుడూ వచ్చేవి. వాటి గురించి చట్టం చెప్పేది నిజానికి కొంచెమే. డాక్టరు చేయవలసింది చేయలేదని చూపించాలి. అది చాలదు. చేయకపోవడం వల్లే ఈ నష్టం జరిగిందని కూడా చూపించాలి. మొదటిది చూపించగలిగి, రెండోది చూపించలేక ఓడిపోయిన ఫైళ్ళు నా బీరువాలో ఒక అర నిండా ఉండేవి.

ఒకరోజు పొద్దున్న ఆమదాలవలస నుంచి రైల్లో ఒక జంట వచ్చారు. అతను అక్కడొక రైసు మిల్లులో పనిచేస్తాడు. ఆ అమ్మాయి ఇంటర్ దాకా చదువుకుంది. ఒళ్ళో మగబిడ్డ. రెండేళ్ళు దగ్గర పడుతున్నాయన్నారు గానీ మెడ ఇంకా నిలబడలేదు. ఉన్నట్టుండి వీపు విల్లులా వంచి తల వెనక్కి వాల్చేవాడు, తల్లి అలవాటుగా అరచెయ్యి అడ్డం పెట్టేది. మాట్లాడుతుండగా నా టేబుల్ మీది బరువైన పుస్తకం ఒకటి కిందపడింది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం. బిడ్డ ఉలిక్కిపడలేదు. వాడికి ఆ చప్పుడే వినపడలేదు.

ఆ అమ్మాయి ఏడవకుండా చెప్పింది. తొలి పురుడు కాబట్టి బొబ్బిలి వైపు పల్లెలో ఉన్న పుట్టింటికి వెళ్ళింది. దగ్గర్లోని చిన్న పట్టణంలో ఒక నర్సింగ్ హోమ్‌లో కాన్పయింది. ఏ పట్టణమో చెప్పను. బిడ్డ బాగా ఏడ్చాడు, పాలు తాగాడు, మర్నాడే ఇంటికి పంపేశారు. మూడో రోజు వాడి కళ్ళు పచ్చగా ఉన్నాయని అమ్మమ్మ కనిపెట్టింది. కుట్లు ఉండడంతో తల్లి కదల్లేకపోయింది. అమ్మమ్మే ఆటోలో బిడ్డను తీసుకువెళ్ళి, కాసేపటికే తిరిగొచ్చింది. "పసికామెర్లు మామూలేనట. పొద్దుటెండ సూపించమన్నారు," అంది. చూపించారు. రెండ్రోజుల తర్వాత బిడ్డ పాలు పట్టడం మానేశాడు, ఏడుపు సన్నగా, పదునుగా మారింది. విశాఖపట్నం పరిగెత్తారు. అక్కడ ఒంట్లోని రక్తం మార్చి ప్రాణం నిలబెట్టారు గానీ, అప్పటికే కామెర్ల విషం మెదడుకెక్కిపోయింది.

"మేం కోరేది పెద్దదేం కాదు మేడమ్," అంది. "ఆ రోజు ఒక్క రక్తపరీక్ష చేసుంటే వీడు నడిచేవాడా కాదా? అది ఎవరైనా చెప్పాలి."

నేను కేసు వేశాను. నర్సింగ్ హోమ్ నుంచి జవాబు వచ్చింది. మూడో రోజు బిడ్డను తెచ్చిన మాట నిజమేననీ, డాక్టరు స్వయంగా చూశారనీ, పచ్చదనం స్వల్పంగా ఉందనీ, ఎక్కువైతే వెంటనే తీసుకురమ్మని చెప్పారనీ, ఇంటివాళ్ళు ఆలస్యం చేశారనీ అందులో ఉంది. అంటే వివాదమంతా ఆ కొద్ది నిమిషాల మీదే. ఆ సమయంలో మా వైపు నుంచి అక్కడున్నది అమ్మమ్మ ఒక్కర్తే.

ఆవిణ్ణి చూడడానికి పల్లెకు వెళ్ళాను. యాభై దాటిన మనిషి, పొలం పని చేసిన చేతులు, గట్టి గొంతు. భర్త పోయి చాలా కాలమైంది. ఇద్దరు కూతుళ్ళనూ తనే పెంచి పెళ్ళిళ్ళు చేసింది. నేను కూర్చోకముందే మజ్జిగ తెచ్చింది. "ఏటమ్మా, సాచ్చికం సెప్పడానికి నానొస్తే సదువుకున్నోళ్ళు నా మాటింటారా?" అని అడిగింది. వింటారన్నాను. వినిపించడం నా పని కదా.

రెండో కూతురు అప్పటికి ఏడో నెల గర్భంతో పురిటికి వచ్చి ఉంది. అమ్మమ్మకు ఆ సంబరం దాచుకున్నా దాగడం లేదు. లోపలికి పిలిచి ఇనప ట్రంకు పెట్టె మూత తీసి చూపించింది. పాత నూలు చీరలు చింపి, ఉతికి ఉతికి మెత్తగా చేసి, నలుచదరంగా మడిచిన గుడ్డలు. పెద్దదాని బిడ్డకు వాడినవే మళ్ళీ ఉతికి ఉంచింది. మూత తియ్యగానే ఘాటుగా కలరా ఉండల వాసన వచ్చింది. మా ఇంట్లో పట్టుచీరల బీరువా తీసినా ఇదే వాసన. నాకేమీ అనిపించలేదు.

ఆ తర్వాతి వారం శ్రీకాకుళం వెళ్ళాను. అక్కడ నాకు తెలిసిన పిల్లల డాక్టరు ఒకాయన ఉన్నారు. ప్రభుత్వాసుపత్రిలో చేసి రిటైరయ్యారు. నిపుణుడిగా వచ్చి సాక్ష్యం చెప్పమని అడగడానికి వెళ్ళాను. విశాఖ ఆసుపత్రి రిపోర్టులు ఆయన నిదానంగా తిరగేశారు. కొందరు పిల్లలకు ఎర్రరక్త కణాలను కాపాడే ఒక పదార్థం పుట్టుకతోనే తక్కువగా ఉంటుందనీ, ఈ బిడ్డకు అదే లోపమనీ చెప్పారు. అలాంటి పిల్లల్లో రక్తకణాలు చితికిపోయి కామెర్లు చటుక్కున పెరుగుతాయట. కొన్ని మందులు పడవు, ఇంకా కొన్ని వస్తువులు పడవు.

"బిడ్డను ఏ బట్టల్లో చుట్టారో తెలుసా మీకు?" అని అడిగారు.

తెలుసన్నాను. పెట్టె గురించి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఆయన ముఖం చూసి నాకు అర్థమైంది.

"కలరా ఉండలు ఈ పిల్లలకు విషంతో సమానం," అన్నారు. "వాసన పీల్చినా చాలు, ఒంటికి తగిలినా చాలు. దాని వల్లే మొదలైందని ఖాయంగా చెప్పలేను. కాదనీ చెప్పలేను."

"అయితే కేసు పోయినట్టేనా?"

"ఎందుకు పోతుంది? నిప్పు ఎవరు పెట్టారన్నది ఒకటి, నీళ్ళు చేతిలో ఉండి ఎవరు పొయ్యలేదన్నది ఒకటి. మూడో రోజు రక్తం తీసి చూసి, కామెర్లు దించే నీలి లైటు కింద పెట్టి ఉంటే మెదడు దాకా వెళ్ళేది కాదు. అది నేను ఎక్కడైనా చెబుతాను. కానీ బట్టల గురించి అడిగితే అది కూడా చెబుతాను. దాచమని మాత్రం అడక్కండి." రిపోర్టులు తిరిగి ఇస్తూ, "ఈ లోపం తల్లి వైపు నుంచి వస్తుంది. ఆ ఇంట్లో మళ్ళీ ఎవరైనా పురిటికి ఉన్నారా?" అన్నారు.

రెండో కూతురి పొట్టా, సిద్ధంగా మడిచి ఉన్న గుడ్డలూ నా కళ్ళముందుకు వచ్చాయి.

తిరుగు రైల్లో నేను లాయరులా ఆలోచించలేకపోయాను. మా ఛాంబరులో నాతో కలిసి కూర్చునే మిత్రుడు ఒకాయన ఉండేవారు. సివిల్ దావాల్లో తలపండినవారు. ఆయనకు చెబితే వెంటనే తేల్చేశారు. "అవతలివాళ్ళకు తెలీదు కదా. నువ్వెందుకు కదుపుతావు? ఆ ముసలమ్మను బట్టల ఊసు ఎత్తొద్దని చెప్పు." ఆయన చెడ్డమనిషేం కాదు. తన క్లయింటు ఓడిపోతే ఆ రోజు అన్నం సరిగా తినేవారు కాదు. "ఆ రెండో అమ్మాయికి బిడ్డ పుడితే?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "అది కేసులో విషయం కాదు," అన్నారు. కాదు నిజమే.

పెద్దమ్మాయిని పిలిపించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బిడ్డ తలను నిమురుతూ వింది. తర్వాత మొదట అన్న మాట ఇది: "మా అమ్మకి సెప్పొద్దు మేడమ్." అంతవరకూ నాతో పుస్తకాల భాష మాట్లాడిన అమ్మాయి ఒక్కసారి ఇంటి మాటలోకి వెళ్ళిపోయింది. "ఆవిడ బతకదు. కావాలంటే కేసు తీసీసెయ్యండి."

"చెల్లెలి సంగతి?"

"సెల్లికి నాను సెప్తాను. ఆ బట్టలు ముట్టుకోనివ్వను. కాన్పు పెద్దాసుపత్రిలో సెయిస్తాం, డాక్టర్లకి ముందే సెప్తాం. అమ్మకి మాత్రం వద్దు."

ఆ అమ్మాయి మాట నిలబెట్టుకుంది. చెల్లెలి కాన్పు ప్రభుత్వాసుపత్రిలో చేయించారు. కొత్త బట్టలు కొని తెచ్చారు. తను మడిచి పెట్టినవి వద్దంటే అమ్మమ్మ నొచ్చుకుందట. "నా బట్టలు మీకు నామోసీ అయిపోనాయేటి?" అందట. పుట్టినవాడు మగపిల్లాడే. రెండో రోజే పచ్చబడ్డాడు. ముందే చెప్పి ఉంచడంతో వెంటనే రక్తం తీశారు, నీలి లైటు కింద పడుకోబెట్టారు. దిగిపోయింది. వారంలోపే ఇంటికి తెచ్చుకున్నారు. ఇప్పుడు వాడు వీధుల్లో పరిగెడుతున్నాడు. నా వృత్తిలో నేను నిజంగా గెలిచిందేదైనా ఉంటే అదేనేమో, దాని మీద కేసు నంబరు లేకపోయినా.

ఇంతలో అవతలి లాయరు దగ్గర నుంచి మా సాక్షిని అడగదలచిన విషయాల కాగితం వచ్చింది. ఆయన నాకంటే సీనియరు. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు, అందుకే ఆయనంటే నాకు భయం. బిడ్డను ఏ బట్టల్లో చుట్టారు, అవి ఎక్కడ ఉంచారు అన్న ప్రశ్నలు అందులో ఉన్నాయి. వాళ్ళ నిపుణుడు కూడా విశాఖ రిపోర్టులు చదివాడన్నమాట. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అమ్మమ్మను సాక్షిగా పిలవకపోతే మూడో రోజు ఏం జరిగిందో చెప్పేవాళ్ళు లేరు. పిలిస్తే, తన చేత్తో చుట్టిన గుడ్డ సంగతి నలుగురిలో, పరాయి మనిషి నోట వింటుంది.

పెద్దమ్మాయి మళ్ళీ కేసు తీసేయమంది. నేను మాత్రం ఒకటే చెప్పాను. "సాక్ష్యం ఆవిడది. చెప్పాలో వద్దో ఆవిడ అనాలి. మనం కాదు."

ఇద్దరం కలిసి పల్లెకు వెళ్ళాం. అమ్మమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కూతురు చెబుతానంది గానీ తల్లి ఎదురుగా కూర్చోగానే తనూ గింజలు తీయడం మొదలుపెట్టింది. నేనే చెప్పాను. ముందు బిడ్డకున్న లోపం, తర్వాత కలరా ఉండలు, ఆ తర్వాత ఆసుపత్రి చేయాల్సి ఉండి చేయనిది. ఆ వరసలో చెబితే దెబ్బ తగ్గుతుందని రైల్లోనే అనుకుని ఉంచాను. తగ్గలేదు.

ఆవిడ చేతిలోని చింతపండు కింద పెట్టింది. "అంటే ఆడు నా సేతిలోనే పాడయ్యేడా?"

"అలా అనడానికి లేదు. డాక్టరు చూసి ఉంటే..."

"అది కాదమ్మా. నానడిగింది అది కాదు."

ఆవిడ కూతురి వైపు తిరిగింది. "అందుకేనేటే బుల్లిదాని పిల్లడికి నా బట్టలొద్దన్నారు? ఎన్నాళ్ళనుంచి తెల్సునే నీకు?" కూతురు తలదించుకుంది. "ఒసే, ఇన్నాళ్ళూ ఒక్కర్తివీ మోసేవా?" అంది ఆవిడ. లేచి వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది. అప్పుడు ఏడ్చింది ఆ అమ్మాయి. నా ఆఫీసులో కన్నీటి చుక్క రాల్చని మనిషి.

కూతురి కళ్ళు కొంగుతో తుడిచి అమ్మమ్మ నా వైపు చూసింది. "ఆళ్ళు అడుగుతారా ఈ మాట?"

"అడుగుతారు."

"అడగనీయండి. అడిగినదానికి సెప్తాను. ఏటి సేసేనో అదే సెప్తాను."

విచారణ రోజు నాకు బాగా గుర్తు. మా కమిషన్‌లో బోను ఉండదు. అధ్యక్షుడూ ఇద్దరు సభ్యులూ కూర్చునే బల్లకు ఒక పక్కగా ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. వైద్యం కేసులు మామూలుగా రాతపూర్వక ప్రమాణాలతోనే నడిచిపోతాయి. ఈ కేసులో సాక్షుల్ని ఎదుట నిలిపి ప్రశ్నించడానికి ఇరుపక్షాలూ అనుమతి తీసుకున్నాం. నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ తన లాయరు వెనక కూర్చుని ఉంది. నాకంటే చిన్నది. ఆ పట్టణంలో సగం మంది పిల్లలు ఆవిడ చేతుల మీదుగా పుట్టినవాళ్ళే. దురాశ గల మనిషని ఎవరూ అనగా వినలేదు. ఒక్కర్తే ఆసుపత్రి నడిపేది, పిల్లల డాక్టరు పిలిస్తే వచ్చేవాడు. ఇలాంటి కేసుల్లో ఎదుటివాళ్ళు దుర్మార్గులైతే మనకు పని సులువు. చాలాసార్లు కారు.

అమ్మమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. మనవణ్ణి ఎత్తుకుని కూతురు వెనక బెంచీ మీద ఉంది.

సీనియరు గారు మెత్తగా మొదలుపెట్టారు. "అమ్మా, బిడ్డను మీరే చుట్టేవారా?"

"నానే సుట్టేను బాబూ. తల్లి లెగలేదు గదా."

"ఏ బట్టల్లో?"

"నా పాత కోకలు సింపి పెట్టుకున్నాను. ఆటిల్లో."

"అవి ఎక్కడ దాచారు?"

"ట్రంకు పెట్టిలో."

"పురుగు పట్టకుండా పెట్టెలో ఏమైనా వేశారా?"

"కలరా ఉండలేసేను."

కాదంటుందని ఆయన సిద్ధపడి వచ్చారు. కాదంటే ఒకదాని తర్వాత ఒకటి అడగాల్సినవి ఆయన చేతిలో ఉన్నాయి. ఇప్పుడు వాటితో పని లేకపోయింది. "వాటి వల్ల ఇలాంటి బిడ్డలకు ప్రమాదమని మీకు తెలుసా?" అని అడిగారు.

"అప్పుడు తెల్దు. ఇప్పుడు తెల్సు. మా ప్లీడరమ్మ గారే ఇంటికొచ్చి సెప్పేరు. తెల్క సేసినా సేసింది నానే బాబూ. కాదన్ను."

ఆయన అక్కడితో ఆపేసి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కానీ ఆయనకు మూడో రోజు మిగిలి ఉంది.

"ఆ రోజు డాక్టరు గారు బిడ్డను చూసి, పచ్చదనం కొంచెమే ఉంది, ఎక్కువైతే తీసుకురండి అని చెప్పారు కదా?"

"సూళ్ళేదు బాబూ."

"గుర్తు చేసుకుని చెప్పండి."

"గురుతు లేకేటి? డాట్టరమ్మ లోపల ఆపరేసను గదిలో ఉన్నాది. నర్సమ్మ తలుపు కాడికెళ్ళి అడిగొచ్చినాది. ఎండ సూపించమన్నారు, ఎల్లిపో అన్నాది. ఓపాలి డాట్టరమ్మని బైటికొచ్చి సూడమనమ్మా అని నాను బతిమాలేను. ఆపరేసను అయ్యేదాకా రారు, ఇది మామూలే, ఎల్లు అన్నాది. ఎలిపోయొచ్చేను. ఎక్కువైతే తెమ్మని ఎవులూ అన్లేదు."

"ఇది కేసు కోసం మీరు చెబుతున్న అబద్ధం అంటాను."

లాయర్లం రోజూ వాడే మాటే అది. ఏ సాక్షీ దానికి నొచ్చుకోడు. అమ్మమ్మ మాత్రం ఆయన్ని నిజంగానే ఏదో అర్థం కానట్టు చూసింది. "అబద్దం ఆడాలంటే కలరా ఉండల మాట దగ్గిరే ఆడీదాన్ని గదా బాబూ," అంది.

సీనియరు గారు తల ఊపి కూర్చున్నారు. అమ్మమ్మ లేవబోయి, డాక్టరమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నాను సేసిందేటో నాను సెప్పీసేను. నువ్వు సేసిందేటో నువ్వు సెప్పు."

అధ్యక్షుడు, "మీరు మాతో మాట్లాడాలమ్మా," అన్నారు. మందలించినట్టు లేదు. ఆవిడ దండం పెట్టి వెనక్కి వెళ్ళి మనవణ్ణి అందుకుంది.

అప్పుడు డాక్టరమ్మ లేచి నిలబడింది. లాయరు చెయ్యెత్తి కూర్చోమని సైగ చేశారు. ఆవిడ చూడలేదో, చూసీ ఆగలేదో. "నేనొక మాట చెప్పాలండి," అంది. అధ్యక్షుడు చెప్పమన్నారు.

"ఆవిడ చెప్పింది నిజం. నేను థియేటర్లోంచే చెప్పాను. బిడ్డను చూడలేదు."

"మీరు దాఖలు చేసిన ప్రమాణపత్రంలో స్వయంగా చూశానని ఉంది."

"ఉందండి. రాసినప్పుడు చూసే ఉంటాననుకున్నాను. ఎంతోమందిని చూస్తాను, వీణ్ణీ చూసే ఉంటాను అనుకున్నాను. తర్వాతెప్పుడో గుర్తొచ్చింది, చూళ్ళేదని. అప్పటికి అది మీ దగ్గరకు వచ్చేసింది."

తర్వాత పిల్లల డాక్టరు సాక్ష్యం జరిగింది. శ్రీకాకుళంలో నాతో ఏం చెప్పారో అక్కడా అదే చెప్పారు. బట్టల వల్ల మొదలై ఉండవచ్చు, ఆ రోజు పరీక్ష చేసి ఉంటే ఆగేది. సీనియరు గారు ఆయన్ని పెద్దగా ఏమీ అడగలేదు.

బయట వరండాలో డాక్టరమ్మ మా దగ్గరకు వచ్చింది. నాతో మాట్లాడుతుందనుకున్నాను. అమ్మమ్మ ముందు ఆగి, "బిడ్డను ఒకసారి చూడొచ్చా?" అంది. అమ్మమ్మ ఒప్పుకోదేమో అనుకున్నాను. ఆవిడ బెంచీ మీద జరిగి చోటిచ్చింది. డాక్టరమ్మ వాడి మెడ కింద చెయ్యి పెట్టి లేపి చూసింది, పిడికిళ్ళు విప్పి చూసింది, చెవి దగ్గర చిటిక వేసింది. చాలాసేపు చూసింది. వెళ్తూ వెళ్తూ నాతో, "ఆవిడ అలా చెప్పేశాక నాకు కూర్చోవడం చేతకాలేదండి," అంది.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. పచ్చగా ఉన్న పసిబిడ్డను గుమ్మంలోకి తెచ్చినప్పుడు చూడకుండా, రక్తపరీక్ష రాయకుండా పంపేయడం వైద్యంలో లోపమేనన్నారు. కలరా ఉండల సంగతి ఇంటివాళ్ళకు తెలిసి ఉండాలని అనుకోవడం న్యాయం కాదనీ, దాని వల్ల డాక్టరు బాధ్యత తగ్గదనీ రాశారు. డాక్టరమ్మకు బీమా చేసిన కంపెనీ సగం సొమ్ము జమ కట్టి పై కమిషన్‌కు వెళ్ళింది. అక్కడా తీర్పు నిలబడింది. పరిహారం ఎంతని కుర్రాళ్ళు అడుగుతారు. బిడ్డకు కసరత్తులు చేయించడానికీ, వినిపించేలా చెవికి ఆపరేషన్ చేయించడానికీ సరిపోయింది. ఆపరేషన్ ఆ మొదటి సగంతోనే, పై తీర్పు రాకముందే చేయించారు. ఇప్పుడు వాడు ఆసరాగా పట్టుకుంటే కూర్చుంటాడు, పిలిస్తే తిరుగుతాడు. నడక మాత్రం రాలేదు. ఆ నర్సింగ్ హోమ్ ఇంకా నడుస్తోంది. పసిపిల్లల డాక్టరు ఒకరు ఇప్పుడు రోజంతా అక్కడే ఉంటారని విన్నాను.

మా ఛాంబరు మిత్రుడు నన్ను మెచ్చుకున్నారు, తన పద్ధతిలో. "సాక్షికి నిజం చెప్పి గెలిచినదానివి నువ్వొక్కర్తివే," అన్నారు. నేను గెలిచింది వ్యూహంతో కాదు. ఆ రోజు ఆవిడ నిజం చెప్పినా డాక్టరమ్మ కూర్చునే ఉండి ఉంటే మేం ఓడిపోయి ఉండవచ్చు. అది కూడా మీకు చెప్పాలి. నిజం చెబితే కేసు గెలుస్తామని ఈ కథకు అర్థం కాదు. అలా అనుకుని కేసులు తీసుకోకండి. ఆసుపత్రి తప్పు వెతకడానికి మనం ఒక ఇంట్లోకి వెళితే, ఆ ఇంట్లోవాళ్ళ తప్పులు కూడా మన చేతికి తగులుతాయి. వాటిని ఏం చేయాలో ఏ సెక్షనూ చెప్పదు. ముందు మనిషిగా ఒక నిర్ణయం తీసుకోవాలి, తర్వాతే లాయరుగా.

పై కమిషన్‌లో తీర్పు ఖాయమయ్యాక కాగితాలు తీసుకోవడానికి అమ్మమ్మా పెద్దమ్మాయీ మా ఆఫీసుకు వచ్చారు. కూతురు జిరాక్సుకని కిందికి వెళ్ళింది. అమ్మమ్మ మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నా మాటేటి రాసేరమ్మా అందులో?" అని అడిగింది.

ఆ పేరా తీసి తెలుగులో చదివి వినిపించాను. అమ్మమ్మ ప్రేమతో చేసిన పనిలో నిర్లక్ష్యం లేదనీ, ఆ ప్రమాదం గురించి ఆమెకు చెప్పవలసిన బాధ్యత వైద్యులదేననీ అందులో ఉంది.

"ఇంకోపాలి సదవమ్మా."

మళ్ళీ చదివాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"బాగా రాసేరు," అంది. "పెద్దమనసున్నోళ్ళు." బిడ్డ నోటి పక్కన కారిన చొంగను కొంగుతో తుడిచింది. "కానమ్మా, ఆళ్ళకి తెల్నిది ఒకటున్నాది. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు, ఆ గుడ్డలో సుట్టి పడుకోబెట్టేను. నిద్దట్లో నవ్వేడు. మెత్తగా ఉన్నాదని నవ్వేడనుకున్నాను. అందర్నీ పిలిసి సూపించేను." మనవడి పిడికిలి విప్పి పట్టుకుంది. "అది నాను ఎవులికి సెప్పుకోవాల?"

నేను ఆ పేజీ మూసి పక్కన పెట్టాను.

కూతురు మెట్లెక్కి వచ్చింది. అమ్మమ్మ లేచి, మనవడి మెడ కింద చెయ్యి వేసి వాణ్ణి భుజానికెత్తుకుంది. "పదరా, బొబ్బిలి బస్సు ఎలిపోతాది," అంది వాడితో. వాడు ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.